తగవు తీర్చుట, పగ తీర్చుకొనుట: ఆంగ్లాంధ్ర కలహజాతీయముల పరిశీలనము

ఒక భాషలోని జాతీయమును వేఱొక భాషలోనికి తెచ్చునపుడు మాటకు మాట దొరకుట తేలిక. ఆ మాట వెనుకనున్న సంఘము దొరకుట కష్టము. వాదమునకును కలహమునకును సంబంధించిన జాతీయములయందు ఈ కష్టము మిక్కిలి స్పష్టము. ఏలయన, కోపమున నున్న మనుష్యుడు గ్రంథభాష మాటాడడు. ఇంటి భాష మాటాడును. ఆంగ్లములోని యట్టి నుడికారములను తెలుగు నుడికారములతో జతపఱచు పద్ధతి యెంతవఱకు సమంజసమో విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

ఈ జతపఱచుట నేటిది కాదు. కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ 1868లో ప్రకటించిన ఆంధ్రలోకోక్తిచంద్రికయందు తెలుగు సామెతలకు ఆంగ్లానువాదములును, పెక్కింటికి సమానార్థకములైన పాశ్చాత్య సామెతలును చేర్పబడినవి. ఆ కృషికి తెలుగువారు ఋణపడి యున్నారు. అయినను ఒక భేదమును గుర్తింపవలెను. సామెత సంపూర్ణమైన తీర్మానము. జాతీయము వాక్యమున కొక అవయవము. 'ఒక చేత చప్పట్లు మ్రోగవు' అను సామెతకు 'ఇట్ టేక్స్ టూ టు మేక్ ఎ క్వారెల్' అనునది చక్కని జోడు. రెండింటి తీర్మాన మొక్కటియే. జాతీయమున కట్టి స్వాతంత్ర్యము లేదు. దానికి కర్త యెవడు, కర్మ యేది, క్రియ యెవరి వైపు మరలును అనునవి కూడ చూడవలెను. సామెతల సేకరణమునకు తగిన పద్ధతిని జాతీయములకు వర్తింపజేయుటవలన నేటి పాఠ్యసహాయక గ్రంథములలో పొరపాట్లు దొర్లుచున్నవి.

ఆ పొరపాట్లలో వస్తుభేదమువలన కలుగునవి చిన్నవి. 'స్ప్లిటింగ్ హెయిర్స్' అనుచోట ఆంగ్లేయుడు వెండ్రుకను చీల్చును. తెలుగువాడు కోడిగ్రుడ్డుపై ఈకలు పీకును. వస్తువు వేఱైనను హేళన యొక్కటియే. 'పోర్ ఆయిల్ ఆన్ ట్రబుల్డ్ వాటర్స్' అనునది యింతకంటె చిక్కైనది. పొంగు నీటిపై నూనె పోసిన అల లణగునను నావికుల యెఱుకనుండి పుట్టినది గాన దాని యర్థము కలహశమనము. మన నుడికారమున నేయియైనను నూనెయైనను పడునది అగ్నిలో. విద్యార్థి నూనెను మాత్రము చూచి, నీటిని మఱచినచో, శాంతింపజేయువాడు రెచ్చగొట్టువాడగును. 'బరీ ది హ్యాచెట్' అనునది ఉత్తర అమెరికా ఆదివాసులు సంధికాలమున గొడ్డలిని పాతిపెట్టిన యాచారమును తలపించును. దానిని మనవారు తెలుగు చేసికొనలేదు, అవసరము కలుగలేదు. 'టీ కప్పులో తుపాను' మాత్రము పత్రికలద్వారా వచ్చి నిలిచినది. మనకున్న 'చిలికి చిలికి గాలివాన' అల్పము పెద్దదగుటను చెప్పును. పెద్దదిగా తోచునది అల్పమే యనుటకు క్రొత్త నుడి యుపకరించినది. కావున అనుసరణములన్నియు త్యాజ్యములని మా మతము కాదు.

ఇక సంఘభేదమువలన కలుగు పొరపాట్లు. అనంతపురమునకును గుత్తికిని నడుమ పెన్న యొడ్డున నున్న పామిడి బట్టల వర్తకమునకు పేరుపడిన యూరు. అట్టి యూరి యంగళ్లలో మాట పెరిగినపుడు ఒకడు మఱియొకనిని 'ఉతికి ఆరవేయును', 'ఏకి పెట్టును'. పెద్దవాడొకడు నడుమ వచ్చి 'తెగేదాకా లాగవద్దు' అనును. 'పేచీ' మెలికయను నర్థముగల పారసీకపదమునుండి వచ్చినది. 'తగాదా' అరబ్బీనుండి వచ్చి, బాకీకై చేయు ఒత్తిడి యను నర్థమునుండి కలహార్థమున నిలిచినది. ఇవి పామిడికే పరిమితములు కావు, తెలుగునాడంతటను కలవు. కాని నూలును గుడ్డయు నిత్యము చేతనాడు చోట వీని మూలార్థము మఱుగుపడదు. తెగేదాకా లాగరాదనువాడు దారపు రెండు కొనలను పట్టినవారు రేపును ఒకే వీధిలో బ్రదుకవలసినవారని యెఱిగి పలుకుచున్నాడు.

1980లో లేకాఫ్, జాన్సను అను అమెరికా పండితులు, ఆంగ్లమున వాదము యుద్ధముగా భావింపబడుచున్నదని నిరూపించి, వాదమును నృత్యముగా తలచు సంఘము నొకదానిని ఊహింపుడనిరి. దీనినిబట్టి ఆంగ్లేయులు కలహప్రియులు, మనము శాంతస్వభావులము అని కొందఱకు తోచవచ్చును. అది సరికాదు. కత్తులు నూరుట, కయ్యమునకు కాలు దువ్వుట మన నుడులే. శాస్త్రచర్చలోని 'ఖండనము' నఱకుటయే. భేదము యుద్ధమున్నదా లేదా యనుటలో లేదు. మూడవవాడున్నాడా లేడా యనుటలో నున్నది.

మూడు మాటలను చూడుడు. 'తగవు' తగు ధాతువునుండి పుట్టి, ప్రాచీన కావ్యభాషలో న్యాయమను నర్థమున ప్రసిద్ధము, 'తగవరి' న్యాయపరుడు. నేడు తగవనగా కలహము. 'రచ్చ' రథ్యాశబ్దభవము, జనులు గుమిగూడు చోటు. నేడు అల్లరికి పేరు. 'పంచాయితీ' తీర్పు చెప్పు సభ. 'వారి నడుమ పంచాయితీ' యన్నచో జగడమనియే యర్థము. తీర్చు సాధనమునకును తీర్పవలసిన దానికిని ఒకే పేరు. ఆంగ్లమున నిట్టిది బొత్తిగా లేదనరాదు. 'మూట్ పాయింట్' అనుచోటి 'మూట్' ప్రాచీనాంగ్లమున సభకు పేరు. అయితే ఆంగ్లమున నది యొంటరిగా మిగిలినది. తెలుగున నది వాడుకకు వెన్నెముక.

వ్యాకరణమును దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. తగవును తీర్తురు, పగను తీర్చుకొందురు. ధాతు వొక్కటియే, 'కొను' చేరినంతనే కార్యము ఆత్మార్థమగును. ఇరువురు కూడి తగవు తీర్చుకొనుట కలదు, అచట 'కొను' పరస్పరార్థకము. కాని ఒక్కడు తగవు తీర్చుకొనెననుట లేదు. ఒక్కడు తీర్చుకొనునది పగ, కక్ష. ఆ ధాతువునుండియే 'తీర్పు' పుట్టినది. ఆంగ్లమున 'సెటిల్ ఎ డిస్ప్యూట్', 'సెటిల్ ఎ స్కోర్' రెండింటికిని ఒకే క్రియ, ఒకే రూపము. మొదటిది తగవు తీర్చుట, రెండవది పగ తీర్చుకొనుట. విద్యార్థికి 'సెటిల్' అనగా 'పరిష్కరించు' అని మాత్రము నేర్పినచో రెండవదానియందలి నెత్తురు కనబడకపోవును.

ఇది కేవలము నిఘంటువుల చర్చ కాదు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు కలెక్టరుగా నున్న థామస్ మన్రో, పంచాయతీని దేశీయమైన న్యాయవిధానముగా నెంచినవాడు. ఆయన ప్రోద్బలమువలన 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లయందు గ్రామపంచాయతీలకు స్థానము లభించెను. పిమ్మట నీ సీమకు కలహమువలన పేరు వచ్చినపుడు దానికి వాడుక యైన మాట 'ఫ్యాక్షన్'. మధ్యవర్తి లేని కలహమునకు పరభాషాపదము. నేడు 'సెటిల్‌మెంటు' అను మాట బలవంతుడు బెదరించి చేయించు ఒప్పందమునకు తెలుగున రూఢమైనది. తగవరి పోయి బెదరించువాడు ఆ స్థానమున కూర్చుండెను. రెండింటిని వేఱుపఱచిన 'కొను' ఆ పరభాషాపదమున అణగిపోయెను. మాట మాఱినందున మనుష్యులు మాఱిరని మేము చెప్పజాలము. కాని భేదమును చెప్పు మాటను పోగొట్టుకొన్నవారికి ఆ భేదమును ఎత్తిచూపుట కష్టమగునని చెప్పగలము.

కావున కలహజాతీయములను సంకలనము చేయు పరిశోధకులు వానిని అకారాదిగా పేర్చి ఆంగ్లసమానములను చేర్చుటతో తృప్తిపడరాదు. ఆ నుడి కలహమున నే దశకు చెందినదో, పలుకువాడు కలహించువాడో తీర్చువాడో, క్రియ యెవరి కొఱకైనదో ప్రతిదానికిని గుర్తింపవలెను. పామిడివంటి యూళ్ల అంగళ్లలో నడుమ వచ్చు పెద్దమనిషి పలుకులు కలహించువారి పలుకులకంటె తక్కువగా వినబడును. గ్రంథమునకు ముందుగా ఎక్కవలసినవి అవి.