హుకుం ఎవరిది? మాట ఎవరిది?

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. 'జిల్లా' అరబ్బీ మాట. అది పరాయిదని ఎవరూ అనగా నేను వినలేదు.

ఈ సీమలో జమీందారీలకు శాశ్వత శిస్తు కట్టింది ఈస్టిండియా కంపెనీ. దాని 1802 నాటి 25వ రెగ్యులేషన్ ఇంగ్లీషులో ఉంది. జమీందారుకిచ్చే కాగితం పేరు మాత్రం 'సనదు ఇ మిల్కియత్ ఇస్తిమ్రార్'. అతడు తిరిగి రాసివ్వాల్సింది 'కబూలియత్'. 1837లో కచేరీల్లోంచి ఫార్సీని తప్పించడానికి కంపెనీయే చట్టం చేసింది. భాష పోయింది. హుకుం, తాకీదు, జప్తు, జమాబందీ మిగిలాయి. జనానికి అలవాటైన భయాన్ని దొర ఎందుకు వదులుకుంటాడు?

మన విమర్శకులు వీటిని 'అన్యదేశ్యాలు' అని పట్టికలో పెట్టి చేతులు దులుపుకుంటారు. ఎవరు, ఎవరి మీద, ఎందుకు వాడారో అడగరు. దాంతో పంట జప్తు చేసిన దొర కనబడడు. 'జప్తు' ఒక్కటే తురక మాటగా కనబడుతుంది.

ఈ మాటల్ని చూసి నేను మురిసిపోను. ఇవి మా ఇళ్లలోంచి రాలేదు, కచేరీ మెట్లు దిగి వచ్చాయి. దూదేకులవాడూ రైతు పక్కనే నిలబడి దండోరా విన్నాడు. ఇద్దరూ ఒకే నోటీసుకి వణికారు.

అక్బరు నాటి ఫసలీ లెక్క రెవెన్యూ కాగితాల్లో ఇంకా జులై ఒకటినే మొదలవుతోంది. మాటకి పట్టా దొరికింది. ఆ మాట ఇంట్లో మాట్లాడుకునేవాణ్ణి మాత్రం 'మీదే దేశం?' అంటున్నారు.