చెలమ తీసే నేర్పు

మంజీర నది ఇసుకలో చెలమ తీయడం చూడ్డానికి తేలికే, నేర్పంతా చేసేవాళ్ల చేతుల్లో ఉంది. పాయకు ఎడంగా తడి ఇసుక చూసి తవ్వుతారు. మొదట ఊరిన బురదనీళ్లు తోడిపోస్తారు. ఆపైన ఊరే తేటనీటిని కదలనీయకుండా చిప్పతో ముంచి, గుడ్డ కట్టిన బిందెలో పోస్తారు. ఇంకా మడ్డి ఉంటే చిల్లగింజ అరగదీసి కలుపుతారు.

మట్టిని ఇసుక రేణువులు ఆపుతాయి, వాటిని అంటుకున్న సూక్ష్మజీవుల పొర చాలా క్రిములను తగ్గిస్తుంది. 1829లో లండన్‌లో జేమ్స్ సింప్సన్ కట్టిన ఇసుక వడపోతదీ ఈ సూత్రమే.

కరిగిన రసాయనాల దగ్గర మాత్రం ఇసుక ఓడిపోతుంది. పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధికేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ నీళ్లు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరేవి. చెలమ విద్య నిలవాలంటే ముందు వాగు బాగుపడాలి.