కట్టించినవారు, కట్టినవారు

రామప్ప గుడిని గురించి మనవాళ్ళు రాసే రాతలు రెండు రకాలు. మొదటి రకంవారు అది స్వర్ణయుగానికి చిహ్నమని కీర్తిస్తారు. రెండవ రకంవారు, వీరిలో మన మిత్రులే ఎక్కువ, అది భూస్వామ్య ప్రభువుల దర్పానికి గుర్తని ఒక్క మాటతో కొట్టివేస్తారు. రాళ్ళు మోసిన మనిషిని మొదటివారు మరచారు. రెండవవారు మరచిందీ ఆ మనిషినే.

గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉన్నది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీనిని కట్టించాడని శాసనం చెబుతున్నది. కట్టించినవాని పేర ఇది రుద్రేశ్వరాలయం. ఐతే జనం నోట నిలిచిన పేరు రామప్ప. అది శిల్పి పేరని జనశ్రుతి. గుడిలో దేవుణ్ణి రామలింగేశ్వరుడంటారు కనుక పేరు అటునుంచి వచ్చిందని ఎవరైనా వాదించవచ్చు. నేను జనశ్రుతిని చరిత్రకు సాక్ష్యంగా తేవడం లేదు; జనం ఇచ్చిన తీర్పుగా తెస్తున్నాను.

ఆ తీర్పు ఊరికే వచ్చింది కాదు. నక్షత్రాకారపు అరుగు మీద గుడి నిలబడి ఉన్నది. పునాదిలో ఇసుక నింపారు. గోడలు ఎర్రని ఇసుకరాతివి. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేటంత తేలికైనవి; అందువల్ల కింది రాతి మీద బరువు తగ్గింది. ఇది మంత్రం వల్ల అబ్బే విద్య కాదు. నేల ఎంత మోస్తుందో, రాయి ఎక్కడ పగులుతుందో చేతులతో తెలుసుకున్నవారి శాస్త్రం. చూరు కింద నల్లరాతి మదనికలను చూడండి. ఒకామె కాలికి ఎత్తు మడమల పాదరక్ష ఉన్నది. శిల్పి కళ్ళు దేవలోకంలో లేవు, తన చుట్టూ తిరిగే మనుషుల మీద ఉన్నాయి.

గుడికి దగ్గరలోనే రామప్ప చెరువు. అదీ రుద్రుడు తవ్వించిందే. గుడితోపాటు చెరువు తవ్వించడం ప్రభువులకు పుణ్యం మాత్రమే కాదు. నీరు పారితే బీడు మాగాణి అవుతుంది. మాగాణి పండితే పన్ను పెరుగుతుంది. దేవుని మాన్యాలు నిలుస్తాయి. శిఖరానికి అసలు పునాది వరిమడి. మన మిత్రులు ఇక్కడ ఆగిపోతారు. దోపిడీ అని చెప్పగానే విమర్శ పూర్తయిందనుకుంటారు. దోపిడీకి గురైన ఆ శ్రమ ఏమి సృష్టించిందో చెప్పకపోతే, శ్రమజీవికి రావలసిన రెండవ కూలిని మనమే ఎగవేసినవాళ్ళమవుతాము. ఆ చెరువు నీటితో నేటికీ పొలాలు పండుతున్నాయి.

2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషించవలసిందే. ఐతే ఆ జాబితాలో రాసిన పేరు కాకతీయ రుద్రేశ్వరాలయం. రామప్ప అన్న మాట బ్రాకెట్లలో ఉన్నది. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా సేనాని బయట, శిల్పి బ్రాకెట్లలో!

విద్యార్థులను అక్కడికి తీసుకుపోయే ఉపాధ్యాయులకు ఒక మనవి. 'ఎవరు కట్టించారు?' అన్న ప్రశ్నతో పాఠం ముగించకండి. 'ఎవరు కట్టారు?' అని కూడా అడగండి. మొదటిదానికి శాసనం సమాధానం చెబుతుంది. రెండవదానికి గుడి చుట్టూ తిరిగి, రాయినీ ఇటుకనూ పరికించి, చెరువుగట్టు ఎక్కి వెతుక్కోవలసిందే.