కుంకుడుగింజ కుండ

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఒక మామిడిచెట్టు. పక్కింటి ఎనిమిదో తరగతి పిల్ల బడి ఎగ్జిబిషన్ కోసం అట్టతో పెంకుటిల్లు కట్టింది. గోడలు చక్కగా కుదిరాయి. వాళ్ల నాన్న 350 రూపాయలు పోసి ప్లాస్టిక్ చెట్లూ కుర్చీలూ ఉన్న ప్యాకెట్ తెచ్చాడు. చెట్టేమో గుమ్మం కన్నా పొట్టి. ఆ కుర్చీలో కూర్చున్నవాడు లేచి నిలబడితే తల కప్పు దాటుతుంది.

నా మంచం కింద అట్టపెట్టెలు ఉంటాయి, వాటి మీద మా ఆవిడ సణుగుడూ ఉంటుంది. ఒక పెట్టె లాగి, పై కాగితం తడిపి ఒలిచాను. లోపలి అలలు బయటపడ్డాయి. అలకీ అలకీ మధ్య 6 మిల్లీమీటర్లు. ఇరవయ్యో వంతు కొలతలో 12 సెంటీమీటర్ల గూనపెంకు. ఎర్రమట్టి నీళ్లు రెండు పూతలు, చూరు దగ్గర చిటికెడు బొగ్గుపొడి. అదే కొలతలో సెంటీమీటరు కుంకుడుగింజ మసిపట్టిన వంటకుండ. పైసా ఖర్చు లేదు.

ఈ పిచ్చి నాకు సంక్రాంతి బొమ్మల కొలువులో అంటుకుంది. ఒక ఏడు పర్ణశాల పెట్టాను. కొండచీపురు కుచ్చుతో కప్పు, మేదర్లు పారేసిన వెదురు పేళ్లతో తడిక. అక్కడితో ఆగానా? పన్నెండు కుంకుడు కుండలు, అగ్గిపుల్లల మంచం, బంకమట్టి రోలు, రోకలి, చేట, ఉట్టి! అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"వనవాసం పోయినోళ్లకు ఇన్ని సామాన్లెక్కడివిరా?"

ఏడుపొచ్చింది. ఒక్కొక్కటీ తీసేశాను. మిగిలింది ఒక కుండ, వాగురాయి మీద ఆరేసిన అరటినార పోగు. దుమ్ముగూడెం దాటి పర్ణశాల వెళ్లినవాళ్లకు తెలుసు, సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులని అక్కడ రాళ్లమీద చూపిస్తారు. పేరంటానికి వచ్చినవాళ్లంతా ఆ పోగు దగ్గరే ఆగారు.

ప్లాస్టిక్ చెట్టు పీకెయ్యమ్మా అని చెప్పబోతూ పిల్ల కట్టిన అట్ట ఇంటివైపు చూశాను. అప్పటికే గంటసేపట్లో నేనూ పిల్లా కలిసి దాని వాకిట్లో ఏడు కుండలు, రెండు ఉట్లు, ఒక గానుగ పెట్టేశాం. 350 పెట్టిన తండ్రి ఒక్క ప్యాకెట్‌తో ఆగాడు. ఊరికే వచ్చేవి గనక మా చేయి ఆగలేదు. చెట్టుతో పాటు అన్నీ తీయించాను.

శనివారం ఆ ఇంటి వాకిట్లో ఒక కుండ, ఒక చీపురు ఉన్నాయి. గింజలు నా దగ్గర డబ్బాడు ఉన్నాయి. కావలసినవాళ్లు రండి, మనిషికి రెండుకు మించి మాత్రం ఇవ్వను.