శిథిలకావ్యదృష్టి - బంగారు గనులు

తెలుగు ఖండకావ్యమునకు శిథిలము క్రొత్త వస్తువు కాదు. కొడాలి వేంకట సుబ్బారావు ‘హంపీ క్షేత్రము’ పిదప, పడిపోయిన కోట ముందు నిలిచి గతవైభవమును స్మరించి దుఃఖించుట మన కవులకొక రాజమార్గమైనది. ఆ కావ్యగుణమును శంకించుట నా యుద్దేశము కాదు. ఆ దృష్టితోనే మూతపడిన గనిని చూడవచ్చునా యనునదే యిచట విచార్యము.

ఈ సందేహము నాకు గ్రంథాలయమున కలుగలేదు. కొంతకాలము క్రిందట పరిశోధక విద్యార్థులతో మదనపల్లె నుండి బయలుదేరి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పము చేరితిని. పుంగనూరులో జమీందారుల ప్రాసాదము చూచి యొక విద్యార్థి ఆశువుగా సీసపద్యము చెప్పెను. అది చక్కగా కుదిరినది. మరునాడు బిసానత్తము గని చెంత అతడే మరల ప్రయత్నించెను. గణము తప్పలేదు, యతి చెడలేదు; కాని పద్యము నిలువలేదు. ప్రక్కన వినుచున్న వృద్ధుడొకడు, పూర్వము గనిలో పనిచేసినవాడు, “ఏ రాజు మీద సామీ ఈ పద్దెం? ఈడ రాజెవురూ లేడే!” అనెను. నేను చదివిన విమర్శలలో ఇంత సూటియైన వాక్యము అరుదు.

హంపీలో శిథిలము కంటికెదురుగా నిలుచును. గనిలో అట్లు కాదు. పొరుగుననే యున్న కోలారు క్షేత్రమున 1880లో జాన్ టేలర్ కంపెనీవారు పని చేపట్టిరి. 1902లో శివసముద్రము నుండి విద్యుత్తు వచ్చెను. చాంపియన్ రీఫు గని క్రమముగా 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. అచట శిల యుష్ణోగ్రత 60 డిగ్రీలు దాటెడిది. పైబరువు చేత రాయి హఠాత్తుగా ప్రేలి మనుష్యులను కప్పివేయుటయు కలదు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడినవి. బిసానత్తము, చిగురుగుంటలలో పనియు ఆ సంవత్సరమే ఆగినది. నీరుతోడు యంత్రములు నిలిచిన వెనుక లోపలి త్రోవలను నీరు క్రమ్మును. నేలపై మిగిలినవి యినుప గోపురములు, పాడుపడిన కట్టడములు, కోలారులో సైనైడు దిబ్బలు. శ్రమ జరిగిన చోటు ఏ యాత్రికునకును కనబడదు. (దానిని చూడవలెనని పాత షాఫ్టులలోనికి దిగు యువకులున్నారు. అది సాహసము కాదు, అవివేకము. మేము కంచె బయటనే నిలిచితిమి.) కావున కన్నులతో వ్రాయబడు శిథిలకావ్యము ఇచట ఆరంభముననే చతికిలబడును.

2018లో వచ్చిన ‘కె.జి.యఫ్.’ చలనచిత్రము ఈ లోపమును పూరించినదని కొందరు తలచుచున్నారు. నాకట్లు తోపదు. అందు గని 1951లో బయటపడినదిగను, కూలీలు పేరులేని బానిసలుగను, నాయకుడు వారి రక్షకుడుగను కల్పింపబడిరి. కల్పనకు స్వేచ్ఛ కలదు. కాని ఆ స్వేచ్ఛతో సాధించినదేమి? రాజు లేని చోట రాజును ప్రతిష్ఠించుట. హంపీ కవికి రాజు చరిత్రలో దొరికెను. చిత్రకర్త అతనిని సృజించుకొనెను. షిఫ్టులకు పోయి వచ్చి, నెలజీతము తెచ్చి, దగ్గుతో ముసలివాడైన మనిషి ఇరువురి చూపునకును అందలేదు.

అతనిని పట్టుకొనుటకు మనకు మిగిలిన సాధనము అతని మాట. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయమునకు 1962లో, చేనేతకు 1971లో వెలువడినది. మదనపల్లె మగ్గమునకు పోయి పలుపనిముట్ల పేరడుగు విద్యార్థికి చేతిలో నొక ఆధారమున్నది. గనిపనివారి మాటలను కూడ అదే శ్రద్ధతో సేకరింపవలెను, అదియు త్వరగా. 2001లో నలువదేండ్లున్నవారు నేడు అరువది దాటినవారు.

ఆ వృద్ధుని భాషలో షాఫ్టు, కేజి, లెవెలు, షిఫ్టు అన్నియు తెలుగు విభక్తులు ధరించి నడచినవి. నడుమ నడుమ అరవము. ఏ పదము ఏ భాషదని మేమడిగినప్పుడు అతనికి ప్రశ్నయే అర్థము కాలేదు. పద్యము చెప్పిన విద్యార్థి తన సీసమును వ్రాసికొన్న కాగితమును త్రిప్పి, వెనుకవైపున ఆ మాటలు వ్రాసికొనసాగెను. చోటు చాలక అంచులలో కూడ వ్రాసెను.