ట్రోల్‌ను వేటాడే వుద్యోగి

జానపద కథలోని రాక్షసుడు తెరమీదికి వస్తే మనలో చాలామంది అది పిల్లల వినోదమనో, జీవితం నుండి పలాయనమనో కొట్టిపారవేస్తారు. ఆంద్రే ఓవ్రెదాల్ 2010లో తీసిన నార్వే చిత్రం 'ట్రోల్ వేటగాడు' యీ తీర్పుకు లొంగేది కాదు.

ట్రోల్ అంటే నార్వే కొండల్లోని రక్కసి జాతి. 1840ల నుండి ఆస్బియర్న్‌సెన్, మూ అనే యిద్దరు సేకరించి ప్రచురించిన కథలలో అది క్రైస్తవుని వాసన పసిగడుతుంది. ఎండ సోకితే నశిస్తుంది. దర్శకుడు యీ నమ్మకాలను అట్లాగే వుంచి, ట్రోల్‌ను నేటి ప్రభుత్వ యంత్రాంగం మధ్య నిలబెట్టాడు.

హన్స్ అనేవాడు దొంగచాటుగా ఎలుగులను చంపుతున్నాడనుకుని ముగ్గురు కళాశాల విద్యార్థులు కెమెరాతో అతని వెంటబడతారు. తీరా అతడు ప్రభుత్వ వుద్యోగి. హద్దు దాటిన ట్రోల్‌ను చంపటం, చంపాక ఫారం నింపటం అతని పని. రాత్రిపనికి భత్యం లేదు, ఓవర్‌టైము లేదు. అధికారులు చచ్చిన ఎలుగును తెచ్చి పడవేసి, జరిగిన నష్టమంతా దానివల్లనే అంటారు. కొండలమీది హైటెన్షన్ తీగలు నిజానికి ట్రోళ్ళకు కట్టిన కంచె!

ఇది చూసి నవ్వుతాము. కాని కార్మికసంఘాలు బలంగా వున్న దేశంలో హన్స్‌కు సంఘమెందుకు లేదు? అతడు చేసే పని వున్నదనే ప్రభుత్వం ఒప్పుకోదు గనుక. లేని పనికి జీతం పెంచమని ఎవరిని అడగగలడు?

పైవారి ఆజ్ఞ ప్రకారం ఒకప్పుడు చూలుతో వున్న ట్రోళ్ళను, పసికూనలను కూడా మూకుమ్మడిగా చంపానని హన్స్ చెప్పే ఘట్టం చిత్రానికి ఆయువుపట్టు. అతడు దోపిడికి గురైనవాడు; ఆ దోపిడి చేతిలో ఆయుధమైనవాడు కూడా. దర్శకుడు రెండింటినీ దాచలేదు.

లోపం ముగింపులో వున్నది. హన్స్ తిరుగుబాటు కెమెరాముందు నోరు విప్పటంతో ఆగిపోయింది. విద్యార్థులు మాయమౌతారు. చివర అప్పటి ప్రధాని యెన్స్ స్తోల్తెన్‌బర్గ్ ట్రోల్ వున్నదని విలేఖరులకు చెపుతాడు. ఆయన నిజంగా మాట్లాడినది సముద్రంలోని 'ట్రోల్' అనే చమురు, గ్యాసు క్షేత్రాన్ని గురించి; ఆ ముక్కను తెచ్చి యిక్కడ అతికించారు. ప్రధాని నోట వెలువడినా నిజాన్ని ఎవరూ పట్టించుకోరన్నది యిందులోని వ్యంగ్యం. వ్యంగ్యం పదునైనదే, కాని దర్శకుడు అక్కడే చేతులు దులుపుకున్నాడు. సాక్ష్యం దొరికాక దాన్ని ఎవరి చేతుల్లో పెట్టాలన్న ప్రశ్న మిగిలిపోయింది. చిత్రం చూసే విద్యార్థి మిత్రులు ఆ ప్రశ్నతోనే బయటికి రావాలి.