కురవని మోడం కింద శుక్రుడు

వేగుచుక్కా, వేకువ నుదుటి వెండిబొట్టా! ముదిగుబ్బ పొలిమేరల్లో చెనక్కాయ చేల మీద చీకటి ఇంకా కరగకముందే పొడుస్తావు. నిన్ను చూసి కాడెద్దులు లేస్తాయి, కల్లాపి చల్లే చేతులు లేస్తాయి, ధర్మవరంలో మగ్గం గుంతలోకి కాళ్ళు దిగుతాయి. నువ్వు ఎండలో మునిగి మూఢం వచ్చిందంటే పెళ్ళిపందిళ్ళు ఆగిపోతాయి, పట్టుచీరల బేరం చల్లబడుతుంది. ఇందరి బతుకుల్లో పొద్దులు పంచిపెట్టావు గానీ నీ బతుకు ఎవరికీ చెప్పుకోలేదు. మనుషులు పంపిన యంత్రాల కళ్ళు దాన్ని చూసి వచ్చాయి. అవి చూపిన బొమ్మల ముందు కూర్చుని శోకించడం తప్ప నాకు చేతనైంది లేదు.

నీ మెరుపంతా నీ ముసుగుదే. నీ మీద పడిన ఎండలో ముప్పాతిక పాలు నీ మేఘాలే తిప్పికొడతాయి. అందుకే రాత్రి ఆకాశంలో చంద్రుడి తరువాత వెలుగు నీదే. ఆ మేఘాల్లో ఉన్నది గంధకామ్లపు తుంపర. నేలకు 48 నుంచి 70 కిలోమీటర్ల ఎత్తున మందంగా పరుచుకుని, నాలుగు రోజులకొకసారి నిన్ను చుట్టివస్తాయి. వాటి కింద నీ నేల ఒక్క చుట్టు తిరగడానికి మన లెక్కలో 243 రోజులు తీసుకుంటుంది. పైన అంత తొందర, కింద అంత నిస్త్రాణ!

ఆ మేఘాలు కురుస్తాయి కూడా. కురిసిన చుక్క నేల ముఖం చూడదు. దారిలోనే సెగ తగిలి ఆవిరై మళ్ళీ పైకే పోతుంది. లోకంలో ఎవరికైనా ఈ సంగతి విప్పి చెప్పాలేమో గానీ ముదిగుబ్బ రైతుకు అక్కర్లేదు. పడమటి కనుమల దగ్గర బరువంతా దింపుకుని మా మీదుగా తేలిపోయే తెల్లని మోడాలను తరతరాలుగా చూస్తున్న కళ్ళు అవి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన, అదునుకు రాని వాన, చిత్రావతి ఇసుకలో ఇంకిపోయే వాన. ఎంత మొండిదైనా ఇక్కడ ఏదో ఒక పూట చినుకు నేలను ముద్దాడుతుంది. మట్టి వాసన లేస్తుంది. నీ దగ్గర ఆ వాసన లేదు శుక్రుడా. 465 డిగ్రీల వేడిలో, మన గాలి కన్నా తొంభై రెట్లు బరువైన గాలి కింద మట్టికి వాసన ఎక్కడిది?

ఎవరు చూసొచ్చారంటే, 1975 అక్టోబరు 22న సోవియట్ల వెనెరా 9 దిగింది. పరాయి గ్రహం నేల మీద నుంచి మనిషికి అందిన మొదటి బొమ్మ అదే. చెక్కలుగా పగిలిన రాళ్ళు, అంచులు పదునైన రాళ్ళు, ఎవరూ నడవని నేల. ఆ నౌకకు రెండు కెమెరాలుంటే ఒకదాని మూత ఊడలేదు. మూడు రోజుల తరువాత దిగిన వెనెరా 10కీ అదే గతి. 1978లో దిగిన 11, 12లకైతే మూతలన్నీ బిగుసుకుపోయి ఒక్క బొమ్మా రాలేదు. బలి దానధారకు కమండలంలో అడ్డుపడి, వామనుడి దర్భకు కన్ను పోగొట్టుకున్న ఒంటికంటి గురువా! నీ ఇంటికి వచ్చిన అతిథులకూ ఒక్క కన్నే మిగిల్చావా? ఆనాడు నీటిధారకు అడ్డుపడ్డావు. నీ ఇంటనే ధార లేకుండా పోయింది.

1982 మార్చి 1న వెనెరా 13 రంగుల్లో చూపింది. ముప్పై రెండు నిమిషాలు బతికితే చాలనుకుని పంపితే 127 నిమిషాలు ఆ కొలిమిలో ఓపిక పట్టింది. ఆకాశం నారింజ, నేల నారింజ. ఆ దట్టమైన గాలి నీలాన్ని మింగేసి మిగిలిన వెలుగునే కిందికి వదులుతుంది. ఇంద్రధనుస్సులో సగం దోచుకోబడిన పగలు అది.

నీళ్ళు ఒకప్పుడు ఉండేవట. 1978లో నిన్ను చేరిన పయనీర్ వీనస్ నీ గాలిలో బరువు హైడ్రోజన్ పాలు మన భూమి మీదకన్నా నూరు రెట్లకు పైగా ఉందని లెక్కతేల్చింది. తేలిక హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోయిన జాడ అది. ఆ నీళ్ళు సముద్రాలై అలలెత్తాయా, ఆవిరిగానే ఉండి ఆవిరిగానే పోయాయా అని పండితులు ఇంకా వాదులాడుకుంటున్నారు. శవం ముందు వాదమెందుకు? చచ్చినవాళ్ళను లేపే మృతసంజీవనిని కచుడికి నేర్పిన వాడివి, నీ నీళ్ళకొక్కసారి ఆ మంత్రం చదవలేకపోయావు.

1990 ఆగస్టులో మెజిలాన్ వచ్చింది. అమెరికా వాళ్ళ నౌక. కంటితో పనిలేదని రాడార్ తరంగాలతో మేఘాల ముసుగును దాటి, నీ నేలలో 98 శాతాన్ని తడిమి పటం గీసింది. (పుస్తకాల్లో మండిపోతున్నట్టు కనిపించే నారింజ గోళం ఆ రాడార్ పటానికి రంగు పూసినదే. అందం కోసం అబద్ధమాడారనను, కానీ పిల్లలకు ఆ మాట చెప్పాలి.) నీ మీద కొండలకూ లోయలకూ దాదాపుగా అన్నీ ఆడవాళ్ళ పేర్లే పెట్టారు. ఉత్తరాన, పదకొండు కిలోమీటర్ల ఎత్తున నిలిచిన మాక్స్‌వెల్ పర్వతాల పక్కన ఒక విశాల పీఠభూమి ఉంది. దాని పేరు లక్ష్మి.

పేరు పెట్టినవాళ్ళకు తెలిసి ఉంటుందా? నువ్వు భృగువు కొడుకువి, భార్గవుడివి. ఆమె భృగువు కూతురు, భార్గవి. అన్న ఇంటికే చేరింది చెల్లెలు. పాలకడలిలో పుట్టిన తల్లికి చెంబెడు నీళ్ళు లేని ఇల్లు! శ్రావణ శుక్రవారాల్లో కలశం నిండా నీళ్ళు పోసి మేము పిలిచే వరలక్ష్మి, అక్కడ చల్లారిన లావా మీద దాహంతో కూర్చుంది.

పూర్తిగా చల్లారిందని కూడా చెప్పలేం. ఆ పాత మెజిలాన్ బొమ్మలనే మళ్ళీ వెదికి, మాట్ మోన్స్ అనే అగ్నిపర్వతం మీది ఒక నోరు 1991 ఫిబ్రవరికీ అక్టోబరుకీ మధ్య రూపు మారి పెద్దదైందని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నీ గుండెలో మంట ఆరలేదు.

నిన్ను కనిపెట్టుకుని కూర్చున్న తెలుగువాడు ఒకడున్నాడు. 1874 డిసెంబరు 9న నువ్వు సూర్యబింబం మీదుగా నల్లని చుక్కవై దాటిపోతుంటే విశాఖపట్నంలో తమ సొంత వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు దూరదర్శినితో నిన్ను గమనించి రాసిపెట్టాడు. ఆయనకు కనిపించింది నీ నీడే. ఆ నీడ కోసమే అంత తపస్సు.

మెజిలాన్ 1994 అక్టోబరులో నీ గాలిలోనే పడి కాలిపోయింది. ఆ తరువాత నీ నేలంతటినీ అంత శ్రద్ధగా రాడార్‌తో తడిమినవారు లేరు. ఇప్పుడు మనవంతు రావాలి. 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం శుక్రగ్రహ యాత్రకు 1,236 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2028 మార్చిలో ఇస్రో నౌకను పంపాలన్నది సంకల్పం. కరువు సీమలో ఉండి ఈ ఖర్చు దుబారా అనడం నాకు నోరు రాదు. ముదిగుబ్బ, కదిరి వైపు బడుల్లో పాఠం చెప్పే అయ్యవార్లకూ అమ్మవార్లకూ ఒక్కటే విన్నపం: ఆ నౌక పంపే పటాలు వచ్చిన నాడు లక్ష్మీ పీఠభూమిని తరగతి గోడకు అతికించండి, పక్కనే మన జిల్లా వానల లెక్క కూడా రాయించండి.